పెద్దపీట ఎవరికి? – చర్చిలో చాపలు, బల్లల కథ

క్రిస్మస్, సంక్రాంతి కలిపి జరుపుకునే మన పండగ సంచికకి ఏదైనా చరిత్ర రాయమని సంపాదకవర్గం వారు ఆజ్ఞాపించారు. నేను వృత్తిరీత్యా సివిల్ ఇంజనీర్ని. రైసూత్‌లో సిమెంటు, కాంక్రీటు, కంకర తప్ప వేరే ధ్యాస లేనివాణ్ణి. రాజుల చరిత్ర, యుద్ధాల చరిత్ర రాసే శక్తి నాకు లేదు. అందుకని నాకు చేతనైన చిన్న విషయం ఎత్తుకున్నాను: చర్చిలో జనం ఎక్కడ కూర్చున్నారు, దేనిమీద కూర్చున్నారు, ఎవరి పక్కన కూర్చున్నారు?

"ఇదీ ఒక చరిత్రేనా?" అని మీరు నవ్వవచ్చు. కాని మన భాషనే చూడండి. ఒకరిని గౌరవించడాన్ని "పెద్దపీట వేయడం" అంటాం. మఠానికి అధిపతి పీఠాధిపతి. తెలుగు కథోలికులు బిషప్పు గారి పరిపాలన ప్రాంతాన్ని మేత్రాసనం అంటారు, అందులోనూ ఆసనమే ఉంది. కెథడ్రల్ అన్న మాట కూడా కుర్చీ అన్న అర్థమున్న గ్రీకు మాటనుంచే వచ్చింది. బిషప్పు గారి కుర్చీ ఉన్న చర్చి కెథడ్రల్ అన్నమాట. కూర్చునే చోటు మనిషి విలువకి కొలబద్ద కావడం అన్ని మతాల్లోనూ, అన్ని దేశాల్లోనూ ఉన్నదే. అయితే ఆ కొలబద్దని విరగ్గొట్టాలని ప్రయత్నించిన వాళ్ళు కూడా ఉన్నారు. వాళ్ళలో మన తెలుగువాళ్ళకీ కొంత స్థానం ఉంది. అదే ఈ వ్యాసం.

మొదట అందరూ నిలబడేవారు

ఇవాళ చర్చి అనగానే వరసగా వేసిన పొడుగాటి చెక్క బల్లలు కళ్ళముందు మెదులుతాయి. నిజానికి క్రైస్తవ మతం పుట్టిన తర్వాత వెయ్యేళ్ళకు పైగా చర్చిల్లో జనానికి బల్లలు లేవు. మొదట్లో ఇళ్ళలోనే కూడుకునేవారు. 4వ శతాబ్దంలో పెద్ద పెద్ద బాసిలికాలు కట్టినప్పుడు కూడా మధ్యలో విశాలమైన ఖాళీ నేలే. బిషప్పుకి కుర్చీ, ఆయనకి అటూ ఇటూ పెద్దలకి రాతి అరుగు. తక్కినవారంతా నిలబడేవారు. 325లో జరిగిన నికేయా మహాసభ ఆదివారాల్లో మోకాళ్ళూనకుండా నిలబడే ప్రార్థన చెయ్యాలని ఒక నియమమే పెట్టింది. నేటికీ రష్యా వంటి దేశాల్లోని సనాతన చర్చిల్లో చాలామంది నిలబడే ఆరాధిస్తారు. ఇథియోపియాలో గంటల తరబడి నిలబడటానికి ఆసరాగా చేతికర్ర పట్టుకుంటారు.

ఇక్కడ ఒక ముచ్చట చెప్పాలి. ఆ పాత చర్చిల్లో కూర్చోవడానికి బల్ల లేదు గాని ధూపానికి సాంబ్రాణి ఉండేది. మేలైన సాంబ్రాణికి ప్రాచీనకాలం నుంచి పేరు పడ్డది మన చుట్టూ ఉన్న ఈ ధోఫార్ కొండలే. మన సలాలా పక్కనున్న అల్ బలీద్, ఖోర్ రోరీ రేవులు ఆ వ్యాపారంతో బతికినవే. 2000లో యునెస్కో వాటిని ప్రపంచ వారసత్వ స్థలాల్లో చేర్చింది. సెలవు రోజున పిల్లల్ని తీసుకెళ్ళి చూపించేటప్పుడు ఈ సంగతి కూడా చెప్పండి.

సరే, అసలు విషయానికి వద్దాం. అందరూ నిలబడే చోట హెచ్చుతగ్గులు లేవా అంటే, ఉన్నాయి. క్రొత్త నిబంధనలో యాకోబు పత్రికలోనే ఈ గొడవ కనబడుతుంది. బంగారు ఉంగరం పెట్టుకున్నవాడు వస్తే మంచి చోటు చూపించి, మాసిన బట్టలవాడు వస్తే అక్కడ నిలబడు, ఇక్కడ కాళ్ళ దగ్గర కూర్చో అనడం ఏమి న్యాయమని ఆయన నిలదీస్తాడు. 3వ శతాబ్దంలో సిరియా ప్రాంతంలో పుట్టిన డిడస్కాలియా అనే నియమావళి ఇంకో అడుగు ముందుకు వేసింది. ప్రార్థన మధ్యలో పేదవాడో ముసలివాడో వచ్చి చోటు లేకపోతే, బిషప్పే తన చోటు అతనికి ఇవ్వాలి, తాను నేలమీద కూర్చోవలసి వచ్చినా సరే అని చెప్పింది. నాకు తెలిసినంతలో చర్చి ఆసనాల గురించి ఇంతకన్న గొప్ప నియమం ఆ తర్వాత ఎవరూ రాయలేదు.

బల్లలు వచ్చాయి, తలుపులూ వచ్చాయి

ఇంగ్లండులో 13వ శతాబ్దం నాటికి గోడల వెంట రాతి అరుగులు, తర్వాత నెమ్మదిగా చెక్క బల్లలు వచ్చాయి. బల్ల వచ్చిన వెంటనే తగాదా కూడా వచ్చింది. 1287లోనే ఎక్సెటర్ బిషప్పు, గొప్ప వంశాల వారికీ చర్చి పోషకులకీ తప్ప ఇంకెవరికీ ఈ చోటు నాది అనే హక్కు లేదని శాసనం చెయ్యవలసి వచ్చింది. చోటు కోసం జనం అంతగా పోట్లాడుకునేవారన్నమాట.

16వ శతాబ్దంలో మత సంస్కరణ తర్వాత ప్రసంగాలు పొడుగయ్యాయి. గంటా రెండు గంటల ప్రసంగం నిలబడి వినడం కష్టం కదా! దాంతో బల్లలు చర్చి అంతా నిండిపోయాయి. అక్కడితో ఆగలేదు. ధనవంతులు తమ కుటుంబానికి వేరుగా నడుమెత్తు చెక్కగోడలు కట్టించుకుని, తలుపు పెట్టించి, తాళం కూడా వేసుకున్నారు. కొన్నిటిలో చలి కాచుకోవడానికి పొయ్యి కూడా ఉండేది. బల్లలకి అద్దె వసూలు చెయ్యడం, వేలం వెయ్యడం, వారసత్వంగా ఇచ్చిపుచ్చుకోవడం, కోర్టుకెక్కడం అన్నీ జరిగాయి. అమెరికాలోని న్యూ ఇంగ్లండు ఊళ్ళలో ఎవరి వయసు, ఎవరి ఆస్తి, ఎవరి హోదా ఎంతో లెక్కగట్టి వరసలు నిర్ణయించడానికి ప్రత్యేకంగా కమిటీలే వేసేవారు. అద్దె కట్టలేని పేదలకి వెనకాలో, పక్కనో, గోడ దగ్గరో ఉచిత బల్లలు.

అన్నిటికన్న ఘోరం ఫిలడెల్ఫియాలో జరిగింది. 18వ శతాబ్దం చివర అక్కడి సెయింట్ జార్జి మెథడిస్టు చర్చిలో నల్లజాతి విశ్వాసులు ప్రార్థనలో మోకాళ్ళమీద ఉండగానే, ఇది మీ చోటు కాదని వాళ్ళని పట్టి లేపబోయారు. అబ్సలోమ్ జోన్స్, రిచర్డ్ ఆలెన్ మొదలైనవారు లేచి బయటికి నడిచారు. 1816లో ఆలెన్ నాయకత్వంలో ఆఫ్రికన్ మెథడిస్టు ఎపిస్కోపల్ చర్చి వెలిసింది. ఒక పెద్ద సంఘం పుట్టుక వెనక ఉన్నది కూర్చునే చోటు గొడవేనంటే ఆశ్చర్యంగా లేదూ!

19వ శతాబ్దంలో ఇంగ్లండులోనే దీనిమీద తిరుగుబాటు వచ్చింది. 1818లో ఏర్పడ్డ చర్చి నిర్మాణ సంఘం, పేదలకి ఉచిత ఆసనాలు కేటాయిస్తేనే డబ్బు సాయం అని షరతు పెట్టింది. జాన్ మేసన్ నీల్ అనే ఫాదిరీ 1841లో ఈ బల్లల చరిత్ర రాసి, తలుపుల గూళ్ళని దుమ్మెత్తిపోశాడు. క్రిస్మస్‌కి మన పిల్లలు ఇంగ్లీషులో పాడే గుడ్ కింగ్ వెన్సెస్లాస్ పాట రాసింది కూడా ఈయనే. తలుపులు ఊడాయి, అద్దెలు క్రమంగా పోయాయి. ఇవాళ మనం చూసే తలుపులేని వరస బల్లలు ఆ పోరాటం మిగిల్చినవే.

ఓడెక్కి వచ్చిన బల్లలు

ఈస్టిండియా కంపెనీ వాళ్ళు ఈ బల్లల్ని మన దేశానికీ తెచ్చారు. మద్రాసు కోటలోని సెయింట్ మేరీ చర్చి 1680లో ప్రతిష్ఠ అయింది. సికింద్రాబాదులో దండు కోసం 1813లో సెయింట్ జాన్ చర్చి, 1847లో బొల్లారంలో హోలీ ట్రినిటీ చర్చి కట్టారు. ఇవి దొరల కోసం, సిపాయిల కోసం కట్టినవి కాబట్టి బల్లలు, వరసలు, హోదాలు అన్నీ అక్కడి పద్ధతే. 1857 మే 10న మీరట్‌లో తిరుగుబాటు ఆదివారం సాయంత్రం మొదలైంది. ఆ తర్వాత తెల్ల సిపాయిలు చర్చికి తుపాకులతో రావడం మొదలుపెట్టారు. మన దేశంలో పాత కంటోన్మెంటు చర్చిల్లో కొన్నిటిలో బల్లలకి తుపాకి ఆనించే గాడి నేటికీ కనిపిస్తుంది.

దేశీయ క్రైస్తవుల మధ్య మాత్రం తగాదా బల్లది కాదు, కులానిది. తమిళదేశంలో పాత సంఘాల్లో కులాలవారీగా విడివిడిగా కూర్చోవడం తరాలుగా సాగింది. 1833లో కలకత్తా బిషప్పు డేనియల్ విల్సన్ ఇది వెంటనే మానాలని ఉత్తరువు పంపిస్తే, వందల మంది అలిగి చర్చి మానుకున్నారు. తిరునల్వేలి ప్రాంతంలోని వడక్కన్‌కుళంలో 1872లో పూర్తయిన కథోలిక చర్చిలో రెండు కులాలకి రెండు భాగాలు, మధ్యలో గోడ. ఆ గోడని 1910లో గాని కూల్చలేదు. ఆ కట్టడం ప్లాను తలచుకుంటే ఇంజనీరుగా నాకు సిగ్గనిపిస్తుంది. గోడ కట్టేది పైకప్పు మొయ్యడానికి గాని మనుషుల్ని విడదియ్యడానికా?

మన చాప

తెలుగుదేశంలో కథ వేరుగా నడిచింది. 1866లో ఒంగోలు ప్రాంతంలో ఎర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ పెద్ద బాప్తిస్మం తీసుకున్నాడు. ఆయన వెనక ఆయన బంధువర్గమంతా కదిలింది. పై కులాలవారు కొందరు మిషనరీ జాన్ క్లౌ గారి దగ్గరికి వచ్చి, వీళ్ళని చేర్చుకుంటే మేము రాము అన్నారు. క్లౌ దంపతులు బాగా ఆలోచించి, మాదిగల్నే చేర్చుకోవడానికి నిశ్చయించుకున్నారు. కరువు తర్వాత 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. ఇంతమందికి బల్లలు ఎక్కడినుంచి వస్తాయి? చింతచెట్టు కింద, తాటాకు పాకలో, మట్టి గోడల బడిలో, నేలమీదే ఆరాధన.

ఆ రోజుల్లో ఊళ్ళో పెద్దకులాల వారి ఎదుట మాల, మాదిగలు మంచం మీద కూర్చోకూడదు. రచ్చబండ ఎక్కకూడదు. అరుగు మెట్టు తొక్కకూడదు. అటువంటి ఊళ్ళో ఒక పాక కింద, ఒకే చాప మీద, దొర ఎదుట, పంతులు పక్కన కూర్చుని తలెత్తి పాడటం మామూలు సంగతి కాదు. ఇంగ్లండులో పేదవాడికి బల్ల దొరకడం గౌరవమైతే, మన పల్లెలో అందరూ ఒకే చాప మీద ఉండటం గౌరవం అయింది.

మా ఊరు డోర్నకల్ జంక్షనుకి దగ్గరే. నా చిన్నతనంలో మా ఊరి గుళ్ళో (మా పెద్దవాళ్ళు చర్చిని గుడి అనే అనేవారు) మగవాళ్ళు ఒక పక్క, ఆడవాళ్ళు ఒక పక్క ఈత చాపలమీద కూర్చునేవారు. చెప్పులు బయటే. మా నాయనమ్మ తన చాప తానే చుట్టి చంకలో పెట్టుకుని వచ్చేది. తర్వాత ఎప్పుడో చదివాను, 1637లో స్కాట్లండులో ఎడిన్‌బరో చర్చికి కూడా జనం ఎవరి పీట వాళ్ళు తెచ్చుకునేవారని, రాజుగారి కొత్త ప్రార్థన పుస్తకం నచ్చక జెన్నీ గెడ్డెస్ అనే కూరగాయలావిడ తన పీటని ఫాదిరీ మీదికి విసిరిందని చెప్పుకుంటారు. మా నాయనమ్మ చాప ఎవరిమీదికీ విసరలేదు గాని, ప్రసంగం మరీ పొడుగైతే దాన్ని చప్పుడయ్యేలా చుట్టడం మొదలుపెట్టేది!

చాప వేసినంత మాత్రాన అంతా సమానమైపోయిందని నేను అనను. చాలాచోట్ల మాలలు, మాదిగలు ఒకే ఊళ్ళో వేరువేరు చర్చిలు కట్టుకున్నారు. దొరగారికి ముందర కుర్చీ ఉండేది. కాని చాపకి ఒక గుణం ఉంది. దానికి నంబరు ఉండదు, తలుపు ఉండదు. ఇంకొకడు వస్తే కాస్త జరిగితే చాలు.

మెదక్ లెక్క

ఇంజనీర్ని కదా, లెక్క చెప్పకుండా ఉండలేను. మెదక్ చర్చి మీలో చాలామంది చూసే ఉంటారు. ఛార్లెస్ వాకర్ పాస్నెట్ గారు కరువు రోజుల్లో జనానికి పని, తిండి కల్పిస్తూ పదేళ్ళపాటు కట్టించిన ఆ చర్చి 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ అయింది. 2024 క్రిస్మస్‌కి నూరేళ్ళు నిండాయి. వెడల్పు 100 అడుగులు, పొడుగు 200 అడుగులు, గంటల గోపురం 175 అడుగులు. లోపల సుమారు 5000 మంది పడతారని చెబుతారు.

ఇప్పుడు చూడండి. 100 ఇంటూ 200 అంటే 20,000 చదరపు అడుగులు. 5000 మంది అంటే మనిషికి 4 చదరపు అడుగులు. బాసింపట్టు వేసుకుని కూర్చున్న మనిషికి దగ్గరదగ్గరగా 20 అంగుళాలు ఇంటూ 24 అంగుళాలు, అంటే 3.3 చదరపు అడుగులు చాలు. అదే బల్లలు వేస్తే మనిషికి అడుగున్నర వెడల్పు, ముందు వెనకలు పావు తక్కువ మూడడుగులు, ఆపైన నడవడానికి దారులు. అన్నీ కలిపితే 6, 7 చదరపు అడుగులకి తక్కువ కాదు. బలిపీఠం, స్తంభాలు ఆక్రమించే చోటు తీసేస్తే బల్లలమీద 2500 మంది పట్టడం కూడా కష్టమే. అంటే బయటికి చూడబోతే ఇంగ్లండు నుంచి ఎత్తుకొచ్చి పెట్టినట్టుండే ఆ గోతిక్ కట్టడం 5000 మందిని పట్టేది మన కూర్చునే పద్ధతి వల్లనే! అక్కడ చెప్పులు బయట విడిచి, రంగురంగుల పలకలు పరిచిన నేలమీద తివాచీలు వేసుకుని కూర్చోవడమే ఆనవాయితీ. కమానులు దొరలవి, కూర్చోవడం మనది.

డోర్నకల్ కుర్చీ

ఇక మా డోర్నకల్ సంగతి చెప్పకపోతే మా ఊరివాళ్ళు ఊరుకోరు. తిరునల్వేలి ప్రాంతం నుంచి వచ్చిన వేదనాయకం శామ్యూల్ అజరయ్య గారు 1910లో ఎడిన్‌బరోలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో మాట్లాడుతూ, మీరు మాకోసం ఎన్నో త్యాగాలు చేశారు గాని మాకు స్నేహితులు కాలేదని తెల్లవారి ముఖంమీదే చెప్పారు. పరలోకంలో సింహాసనాలు ఇస్తామంటారు గాని మీ ఇంటి హాల్లో మాకు కుర్చీ వెయ్యరు అన్న భావం గల మాట కూడా ఆయనదేనని ప్రసిద్ధి. పెద్దపీట సంగతి అంత సూటిగా చెప్పినవారు అరుదు.

మూడేళ్ళు తిరగకుండానే, 1912 డిసెంబరు 29న కలకత్తాలో ఆయన బిషప్పుగా అభిషిక్తులయ్యారు. ఆంగ్లికన్ చర్చిలో తొలి భారతీయ బిషప్పు ఆయనే. కెథడ్రల్ అంటే కుర్చీ అని మొదట చెప్పాను కదా, ఆ కుర్చీ మొట్టమొదట ఒక భారతీయుడికి దొరికింది నిజాం రాజ్యంలోని మన డోర్నకల్‌లో. ఆయన అక్కడ కట్టించిన కెథడ్రల్ 1939 జనవరి 6న ప్రతిష్ఠ అయింది. గుమ్మటాలు మసీదుని, రాతి స్తంభాలు దేవాలయ మండపాన్ని తలపిస్తాయి. ఇంట్లో కుర్చీ వెయ్యలేదని అడిగిన మనిషి తనకి సింహాసనం వచ్చాక ఏం చేశాడు? ఎండ్లబండిమీద, కాలినడకన పల్లెలు తిరిగి, తన జీవితమంతా చాపమీద కూర్చునే జనం మధ్యనే గడిపాడు. 1945 జనవరి 1న డోర్నకల్‌లోనే కన్నుమూశాడు.

ప్లాస్టిక్ కుర్చీ, మన హాలు

1990ల తర్వాత మన పల్లె చర్చిల్లోకి ప్లాస్టిక్ కుర్చీ వచ్చింది. మొదట వెనకాల నాలుగు, మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళకి. తర్వాత అందరికీ. దీన్ని నేను తప్పు పట్టను. మన సంఘంలో ఉన్న డాక్టర్లని అడిగితే అరవై దాటినవాళ్ళని కింద కూర్చోబెట్టవద్దనే చెబుతారు. ప్లాస్టిక్ కుర్చీలో చాప గుణం కూడా కొంత ఉంది. తేలిక, చవక, అన్నీ ఒకే రకం, ఎవరి పేరూ ఉండదు. ఇక్కడ సలాలాలో శుక్రవారాల్లో ఒక భాషవాళ్ళ ఆరాధన ముగియగానే ఇంకో భాషవాళ్ళు అవే కుర్చీల్లో కూర్చుంటారు. మలయాళీ లేచిన కుర్చీలో తెలుగువాడు, తెలుగువాడు లేచిన కుర్చీలో ఫిలిప్పీనో.

అసలు చిక్కు కుర్చీతో కాదు, వరసతో. చర్చి శతాబ్దాలపాటు బల్లలతో ఏ జబ్బు తెచ్చుకుందో, ఆ జబ్బు మతంతో పనిలేకుండా ఏ సభకైనా అంటుకుంటుంది. మన పండగ సభలే చూడండి. ముందు వరసలో సోఫాలు, వాటిమీద కాగితం అంటించి "రిజర్వుడు". తర్వాత గుడ్డ తొడిగిన కుర్చీలు. ఆ వెనక ప్లాస్టిక్ కుర్చీలు. అందరికన్న వెనక, గోడకి ఆనుకుని నిలబడేది ఎవరు? రైసూత్ లేబర్ క్యాంపుల నుంచి బస్సెక్కి వచ్చిన మన కరీంనగర్, నిజామాబాదు, కడప కుర్రవాళ్ళు. వారంలో ఆరు రోజులు ఎండలో నిలబడే పని చేసి, ఏడో రోజు మన పండగలో కూడా నిలబడే ఉంటారు. విరాళాలిచ్చిన పెద్దల్ని గౌరవించవద్దని నా ఉద్దేశం కాదు. వేదికమీద శాలువా కప్పుదాం, పేరు చదువుదాం, చప్పట్లు కొడదాం. సోఫా మాత్రం వాళ్ళకి అవసరమా?

కార్యవర్గానికి నాదొక చిన్న మనవి. ఈ సంక్రాంతికి ముందు వరస సోఫాలు ఊరినుంచి మనల్ని చూడటానికి వచ్చిన అమ్మానాన్నలకీ, అత్తమామలకీ, నడవలేనివారికీ కేటాయిద్దాం. రెండో వరసనుంచి ఎవరు ముందు వస్తే వారిది. వేదిక ముందు ఖాళీ నేలమీద తివాచీలు పరిస్తే పిల్లలకీ, నాబోటి కింద కూర్చోగలవాళ్ళకీ సరిపోతుంది. హాలు కొలతలు తీసుకున్నాను, లెక్క కూడా కట్టాను. అలా చేస్తే ఇంకో 150 మంది సుఖంగా పడతారు, వెనక ఎవరూ నిలబడనక్కరలేదు. ప్లాను గీసిన కాగితం నా దగ్గర సిద్ధంగా ఉంది. తివాచీలు పరచడానికి సాయంత్రం నాలుగింటికల్లా ఒక పదిమంది వస్తే చాలు. నేను వస్తాను, మీరూ రండి.